పొదిగే పెట్టెకి పద్నాలుగు రోజుల కస్టడీ

గొర్రెలపర్రుకి కరెంటు స్తంభాలొచ్చి నలభై ఏళ్ళు దాటినా, ఆ ఊళ్ళో వోల్టేజి ఎంతో ఖచ్చితంగా తేల్చి చెప్పిన మొదటి మనిషి మాత్రం కొత్తగా జిల్లాకి వచ్చిన సూపరింటెండింగ్ ఇంజనీరుగారే. అంతకు ముందు అది దాని ఇష్టమొచ్చినట్టు ఉండేది. పొద్దున్నే రెండొందలుండేది, మధ్యాహ్నానికి నూట డెబ్భై అయ్యేది, చేలో మోటార్లు వేశారంటే ఇంకా కిందకి జారేది. జనం ఫిర్యాదు రాసేవారు. లైన్‌మన్ పోలారావు మీటరు పట్టుకెళ్ళి కొలిచేవాడు. కొలిచింది రాసేవాడు, రాసింది జిల్లాకి వెళ్ళేది. అలా ఫిర్యాదుల్లో ఆ జిల్లా అన్ని జిల్లాలకంటే ముందు నిలిచింది.

ఎస్.ఇ. గారు ఆ కాగితాలన్నీ ముందేసుకుని లోతుగా ఆలోచించారు. కొలిచిన ప్రతిచోటా వోల్టేజి తక్కువుంది. కొలవని చోట తక్కువున్నట్టు ఒక్క కాగితం కూడా లేదు. జబ్బు ఎక్కడుందో ఆయనకి దొరికిపోయింది. వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది.

“గృహ సరఫరా యొక్క వోల్టేజి 230 అని ఇందుమూలముగా ప్రకటించడమైనది. ప్రకటింపబడిన దానిని మరల కొలుచుట శ్రమ వృథా మాత్రమే గాక, పై అధికారుల మాటయందు అనుమానమును సూచించును. కావున వోల్ట్ మీటర్లను తక్షణము స్టోర్సునకు జమ చేయవలెను. సిబ్బంది ఆంపియర్లను మాత్రమే కొలిచి, 230ని వానితో భాగించి నిరోధమును, హెచ్చవేసి వాట్లను గణించవలెను. నిరోధము హద్దు మీరిన పరికరముల యజమానులపై చర్య తీసుకొనబడును. ఇందు ఎవరికిని మినహాయింపు లేదు.”

నిజానికి ఆ భాగహారంలోగానీ హెచ్చవేతలోగానీ తప్పేం లేదు. పదో తరగతి పిల్లకాయలు పరీక్షల్లో రాసే సూత్రాలే అవి. తీగ రెండు కొసల మధ్యా ఎన్ని వోల్టులున్నాయో, అందులోంచి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో తెలిస్తే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ తీగ కరెంటుని ఎంత అడ్డగిస్తోందో ఓమ్‌లలో తెలుస్తుంది, రెండూ హెచ్చవేస్తే ఎంత పని జరుగుతోందో వాట్లలో తెలుస్తుంది. కాకపోతే రెండూ కొలవాలి. ఒకటి కొలిచి, రెండోది ప్రకటిస్తే ఏమవుతుందో పాఠ్యపుస్తకం రాసినవాళ్ళకి తట్టలేదు. వాళ్ళు ఎస్.ఇ. గారిని చూసి ఉండరు.

ఈ ఉత్తర్వు వచ్చిన మూడోనాటికి నూకరత్నం పెట్టెలో గుడ్లు పెట్టి కూడా సరిగ్గా మూడు రోజులయింది.

నూకరత్నానిది లాకుల వీధి. ఊరికి ఆ చివర, కరెంటు తీగ సాగి సాగి అలిసిపోయి చేరే చోటు. మొగుడు రొయ్యల లారీ మీద డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివిన పిల్ల కాబట్టి ఊరికే కూర్చోలేక, పట్టుబట్టి కోడిగుడ్లు పొదిగే పెట్టె తెప్పించింది. చూడ్డానికి రేకు బీరువాలా ఉంటుంది, తలుపుకి చిన్న అద్దం బిగించి ఉంటుంది. లోపల అరలు, అరల్లో ఆరువందల గుడ్లు, అడుగున హీటరు. తలుపు మీద రేకు బిళ్ళ కొట్టి, 230 వోల్టులు, 460 వాట్లు అని చెక్కారు. అంటే రెండు ఆంపియర్లు, నూట పదిహేను ఓమ్‌లు. ఇరవై ఒక్క రోజులు లోపల కోడి ఒంటి వేడి నిలబెట్టగలిగితే చాలు, పిల్లలు వాటంతటవే గుడ్డు పగలగొట్టుకుని వస్తాయి.

మొదటి విడత ఆరువందల గుడ్లకి పంతొమ్మిది పిల్లలొచ్చాయి. అత్తగారు వీరమ్మ ఆ పంతొమ్మిదింటినీ మూడుసార్లు లెక్కపెట్టి, నాలుగోసారి లెక్కపెట్టనక్కర్లేదని తేల్చుకుని, “కోడి కూకుంటే పిల్లలౌతాయి గానీ బీరువా కూకుంటే ఔతాయేంటే? ఈ మాటు కూడా ఇలాగే తగలడితే పాత ఇనప సామానోడికి ఏసేత్తాను,” అంది. వీరమ్మ అన్నమాట అంటే అన్నదే. నూకరత్నం ఒక్క విడత గడువు అడిగింది. బండి మీద నాలుగూళ్ళు తిరిగి, కోళ్ళున్న ఆడవాళ్ళందర్నీ బతిమాలి, పాలుకి గుడ్లు తెచ్చింది. పుట్టిన పిల్లల్లో సగం గుడ్లిచ్చినవాళ్ళకి, సగం తనకి. ఇప్పుడా గుడ్లు చల్లబడితే పెట్టె పాతసామాన్లోకి పోతుంది, తను నాలుగూళ్ళలో తలెత్తుకోలేకపోతుంది.

అలాంటి సమయంలో పోలారావు వచ్చాడు. చేతిలో తీగని నోట కరుచుకుని ఆంపియర్లు చెప్పే మీటరుంది. పెట్టె తీగకి తగిలించాడు. ఒకటి పాయింట్ నాలుగు. జేబులోంచి ఫోను తీసి 230ని దాంతో భాగించాడు. నూట అరవై నాలుగు ఓమ్‌లు. తలుపు మీద రాసిన లెక్క ప్రకారం నూట పదిహేనే ఉండాలి.

పోలారావు నెమ్మదస్థుడు, నూకరత్నం అంటే గౌరవం ఉన్నవాడు. అందుకని నోటీసు ఇచ్చేటప్పుడు తల దించుకున్నాడు. ఆమె పెట్టె నలభై తొమ్మిది ఓమ్‌ల నిరోధాన్ని అక్రమంగా పెంచుకున్నదనీ, ఏడు రోజుల్లో హీటరు తీగని తగుమాత్రం కత్తిరించి నిరోధాన్ని యథాస్థితికి తేవాలనీ అందులో ఉంది.

నూకరత్నం పెట్టె మీద రెండు బొంతలు కప్పి, పక్కన కుంపటి రాజేసి, వీరమ్మని కాపలా పెట్టి, నోటీసు పట్టుకుని కరెంటాఫీసుకి వెళ్ళింది.

ఆఫీసు ఊరికి ఈ చివర, ట్రాన్స్‌ఫార్మరుకి ఆనుకునే ఉంది. అసిస్టెంట్ ఇంజనీరు చిదంబరంగారి నెత్తి మీద ఫ్యాను ఎంత జోరుగా తిరుగుతోందంటే, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ప్రతి దొంతర మీదా ఓ పింగాణీ ఇన్సులేటరు పెట్టి ఉంచారు. చిదంబరంగారు చెడ్డమనిషి కాదు. రిటైరుమెంటుకి రెండేళ్ళుంది. ఈ రెండేళ్ళూ ఏ ఉత్తర్వుకీ అడ్డం రాకుండా గడిపేస్తే చాలనుకునే మనిషి. నూకరత్నాన్ని కూర్చోమన్నారు.

“సార్, హీటరు తీగ పెరగదూ తరగదూ. కొన్ననాడు నూట పదిహేను ఓమ్‌లు, ఇవాళా అంతేనండి,” అంది నూకరత్నం. “మీ పోలారావుగారు కొలిచింది ఒకటి పాయింట్ నాలుగు. రెండూ హెచ్చవేయండి. నూట అరవై ఒకటి వస్తాది. మా వీధిలో వోల్టేజి అదేనండి.”

చిదంబరంగారు కాలిక్యులేటరు మీద రెండుసార్లు హెచ్చవేశారు. రెండుసార్లూ నూట అరవై ఒకటే వచ్చింది. కాలిక్యులేటరుని బోర్లా పెట్టారు.

“లెక్క తప్పులేదమ్మా. దిక్కు తప్పు,” అన్నారు. “ఉత్తర్వు ప్రకారం వోల్టేజి దగ్గర బయల్దేరి నిరోధానికి చేరాలి. మీరు నిరోధం దగ్గర బయల్దేరి వోల్టేజికి చేరారు. ఆ దారిన వెళ్ళే అధికారం వినియోగదారులకి లేదు. ఆమాటకొస్తే నాకూ లేదు.”

నూకరత్నం దిక్కు సంగతి వదిలేసి వేడి సంగతి ఎత్తింది. నూట అరవై ఒకటిని ఒకటి పాయింట్ నాలుగుతో హెచ్చవేస్తే రెండొందల పాతిక వాట్లు, అంటే రావలసిన దాంట్లో సగం కూడా లేదు, గుడ్లు చల్లబడిపోతున్నాయని చెప్పింది. ఆయన మళ్ళీ కాలిక్యులేటరు తీసి, 230నే హెచ్చవేసి, ఆమెకి మూడొందల ఇరవై రెండు వాట్లు అందుతున్నాయని చూపించారు. లెక్క ప్రకారం గుడ్లు పర్వాలేదనిపించేంత వెచ్చగా ఉండాలన్నారు.

“గుడ్లకి లెక్కలు రావండి,” అంది నూకరత్నం.

ఈ మాటకి ఉత్తర్వులో జవాబు లేదు. ఆయన జాలిగా చూసి, తీగ కత్తిరించుకుంటే గొడవ వదిలిపోతుంది కదమ్మా అన్నారు. ఆమె ససేమిరా అంది. తీగ కత్తిరించాక ఏ శుభ ముహూర్తానో నిజంగానే రెండొందల ముప్పై వచ్చిందంటే, లోపలున్నవి ఉడికిన గుడ్లవుతాయి. లేచేముందు ఇంకోసారి ఆ ఫ్యాను వంక చూసింది. కిటికీలోంచి ట్రాన్స్‌ఫార్మరు వంక చూసింది. ఇంటికొచ్చి, రాత్రింబవళ్ళూ కుంపటి ఆరకుండా చూస్తూ గుడ్ల వేడి కాపాడింది.

నూకరత్నం మొండికేసినా వీధిలో మిగతావాళ్ళు చట్టాన్ని గౌరవించేవాళ్ళే. టీకొట్టు సూరిబాబుకి కరెంటు కాయిల్ పొయ్యి ఉంది. నోటీసు అందిన సాయంత్రమే రేకు కత్తెర అరువు తెచ్చి కాయిల్‌లోంచి రెండు జానలు తెగ్గొట్టాడు. తీగ పొట్టిదయింది, ఆంపియర్లు పెరిగాయి, టీ తొందరగా మరిగింది, పోలారావు ఫోనులో ఓమ్‌లు సరిగ్గా సరిపోయాయి. చిదంబరంగారు సంతోషించి సూరిబాబుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. అతను దాన్ని బిస్కట్ల సీసాకి అంటించాడు.

అయితే సూరిబాబు పొయ్యి అంత కరెంటు గుంజేసరికి వీధి మొత్తానికి వోల్టేజి ఇంకో మెట్టు దిగింది. దాంతో పక్కనున్న ఇస్త్రీ బల్లవాడి పెట్టె, ఎదురింటి మాస్టారి నీళ్ళ హీటరు, పోలారావు ఫోనులో మరింత నిరోధం పెంచుకున్నాయి. నోటీసులు వెళ్ళాయి. వాళ్ళూ కత్తిరించారు. వోల్టేజి మరో మెట్టు దిగింది. ఇప్పుడు సూరిబాబు పొయ్యి మళ్ళీ నేరం చేసినట్టు తేలింది. అతను ఇంకో జాన తెగ్గొట్టాడు. అయిదు రోజులు తిరిగేసరికి రేకు కత్తెర ఆ వీధిలో ఒకచోట నిలవడం మానేసింది. ఆరోనాడు పోలారావు వచ్చి నూకరత్నం పెట్టెకి మీటరు తగిలిస్తే ఒకటి పాయింట్ మూడే చూపించింది. నూట డెబ్భై ఏడు ఓమ్‌లు.

“తగ్గించమంటే పెంచేవేంటమ్మా,” అన్నాడు పోలారావు, మనసు నొచ్చుకుని.

గడువింకా ఒక రోజు ఉండగానే వచ్చిన రెండో నోటీసులో ధిక్కారం అన్న మాట పడింది. ఉత్తర్వులోని ఏడో నిబంధన కింద ఆ పెట్టెని స్వాధీనం చేసుకుని, పద్నాలుగు రోజులు సెక్షన్ ఆఫీసు కస్టడీలో, పనిచేయు స్థితిలో, సరఫరాకు కలిపి, నిరంతర పర్యవేక్షణలో ఉంచెదరని రాసి ఉంది. వీరమ్మ శోకం మొదలెట్టింది. పెట్టె పాత సామానోడికి పోయినా ఆమెకి ఫర్వాలేదు గానీ, పోలీసు కేసులా ఎవరో పట్టుకుపోవడం పరువు తక్కువ. నూకరత్నం మాత్రం ఏడో నిబంధన రెండుసార్లు చదివింది. సరఫరాకు కలిపి. ఆఫీసులో. మొహం చాటంత చేసుకుని, ఇవాళే తీసుకెళ్ళగలరా అని అడిగింది.

పెట్టెని స్వాధీనం చేసుకోవడానికి మనుషులొస్తే ఎక్కడైనా ఏడుపులూ తిట్లూ ఉంటాయి. ఇక్కడ యజమానురాలే ముందుండి ట్రాలీ ఆటో మాట్లాడింది. అరల మధ్య గుడ్డలు కుక్కింది, పెట్టెకి బొంతలు చుట్టింది, గతుకు వచ్చిన చోటల్లా డ్రైవరుని తిట్టింది. లైన్‌మన్లే వెనకబడి పరిగెత్తవలసి వచ్చింది. ఆ రోజుకి గుడ్ల వయసు తొమ్మిది రోజులు.

ఆఫీసు వరండాలో పెట్టెకి ప్లగ్గు పెట్టారు. పోలారావు మీటరు తగిలించి చూసి, తీసి తుడిచి, మళ్ళీ తగిలించాడు. రెండు ఆంపియర్లు. భాగిస్తే నూట పదిహేను ఓమ్‌లు, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. గంటన్నరలో లోపల వేడి ఎక్కడుండాలో అక్కడికి చేరింది. నూకరత్నం అక్కడున్న బెంచీ మీద కూలబడి, వారం తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

చిదంబరంగారు చలించిపోయారు. ఇంటి దగ్గర నూట డెబ్భై ఏడు ఓమ్‌లతో తలబిరుసుగా ప్రవర్తించిన పరికరం, ఆఫీసు గడప తొక్కగానే నూట పదిహేనుకి వచ్చేసింది. ఇందుకు కారణం ఒక్కటే ఉండాలి. “క్రమశిక్షణాయుత వాతావరణమునందు పరికరములు తమంత తామే సంస్కరింపబడుచున్నవి” అని జిల్లాకి రాశారు.

నిందిత పరికరాన్ని యజమాని దర్శించుకోవచ్చన్న నిబంధన ఉంది కాబట్టి నూకరత్నం రోజూ ఆఫీసు తెరిచేసరికి వచ్చేది, మూసేదాకా ఉండి గుడ్లు తిప్పుతుండేది. ఓ రోజు గది తలుపు వేసి చీకటి చేసి, గుడ్డు వెనక టార్చి లైటు పెట్టి చిదంబరంగారికి చూపించింది. లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యలో ఓ చిన్న చుక్క టుకటుకా కొట్టుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళు కరెంటాఫీసులో పనిచేసిన ఆయన, కరెంటు ఏం చేయగలదో మొదటిసారి చూసి, ఇంకో గుడ్డు చూపించమన్నారు. తర్వాత ఇంకోటి. ఆ పూట ఫైళ్ళేవీ కదల్లేదు.

ఈలోగా జిల్లా నుంచి జవాబొచ్చింది. ఎస్.ఇ. గారు గొర్రెలపర్రు ప్రయోగాన్ని ఎంతగానో మెచ్చుకుని, ఆ ఆఫీసుని ‘విద్యున్నిరోధ సంస్కరణ కేంద్రం’గా ప్రకటించారు. లాకుల వీధిలో నిరోధం మీరిన పరికరాలన్నిటినీ తక్షణం స్వాధీనం చేసుకోవాలనీ, తాను స్వయంగా వచ్చి ఒకరాత్రి బసచేసి కేంద్రాన్ని ప్రారంభిస్తాననీ రాశారు.

మొదట సూరిబాబు పొయ్యి వచ్చింది. మూడు జానలు పోగొట్టుకున్న కాయిల్‌కి పుట్టి బుద్ధెరిగాక తగలని నిఖార్సయిన రెండొందల ముప్పై వోల్టులు తగిలేసరికి, అది ఎర్రగా కాదు, తెల్లగా వెలిగి ఠప్పున తెగి ఊరుకుంది. పోలారావు మీటరు పెట్టాడు. సున్నా. 230ని సున్నాతో భాగించమంటే అతని ఫోను ఒప్పుకోలేదు. చిదంబరంగారి కాలిక్యులేటరూ ఒప్పుకోలేదు. సున్నాతో ఎలా భాగించవలెనో తెలుపగోరి జిల్లాకి రాశారు. “భాగహారము పూర్తియగువరకు సదరు పొయ్యిని కస్టడీలోనే ఉంచవలెను” అని జవాబు వచ్చింది. ఆ పొయ్యికి పడింది యావజ్జీవమని పాపం సూరిబాబుకి అప్పటికి తెలియదు.

“సట్టం సెప్పిందని కోసేనండి. కోసినోడి పొయ్యే మాడిపోయింది, కొయ్యనావిడి పెట్టేమో పెళ్ళికూతుర్లా ఎలిగిపోతంది,” అన్నాడతను వరండాలో నిలబడి. అంతలోనే నూకరత్నం పెట్టె వంక అసూయ లేకుండా చూసి, గుడ్లెలా ఉన్నాయని అడిగాడు.

సూరిబాబుని చూసి మిగతావాళ్ళు తెలివి తెచ్చుకున్నారు. ముందు కొత్త కాయిల్ వేయించి, ఆ తర్వాతే తామే నెత్తిన పెట్టుకుని వచ్చి లొంగిపోయారు. ఇంటి దగ్గర గంటన్నర పట్టే ఇస్త్రీ ఇక్కడ పది నిమిషాల్లో అవుతోంది మరి. కస్టడీలో ఉన్న ఇస్త్రీ పెట్టె దగ్గరికే బట్టల మూటలు రాసాగాయి. నీళ్ళ హీటర్లు, పొయ్యిలు, మాస్టారి హీటరు, దాని పక్కన ఆయన బకెట్టు. మొత్తం నలభై పరికరాలు ఒకే వరండాలో, ఆఫీసుకి వచ్చే పాతకాలపు సన్నటి తీగ మీద సంస్కరణకి కూర్చున్నాయి.

గుడ్లు పెట్టిన పదహారో రోజు పొద్దున నూకరత్నం వచ్చేసరికి చిదంబరంగారి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టచ్చు. పెట్టెకి మీటరు పెట్టిస్తే ఒకటి పాయింట్ ఆరు. నూట ఎనభై నాలుగు వోల్టులన్నమాట. లోపల వేడి పడిపోతోంది. టార్చి పెట్టి చూస్తే, నిన్నటిదాకా గుడ్డు నిండా దొర్లుతూ ఉన్న నల్లటి నీడలు బద్ధకంగా కదులుతున్నాయి. ఇంకా అయిదు రోజులుంది, సాయంత్రం దాకా ఇలాగే ఉంటే ఆ అయిదు రోజులూ ఎవరి కోసం. చిదంబరంగారు కూడా చూశారు. ఆయన మొహం మాడిపోయింది. అయినా ప్రారంభోత్సవం రోజున కేంద్రంలోంచి ప్లగ్గులు పీకే ధైర్యం ఆయనకి లేదు.

అదే సమయంలో ఆఫీసు వెనకాల గెస్టు గదిలోంచి ఓ కేక వినబడింది. రాత్రి వచ్చి బసచేసిన ఎస్.ఇ. గారు స్నానానికి వెళితే గీజరులో నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. ఏమయిందో చూసి రమ్మని పోలారావుని తోలారు. పోలారావుకి ఒక్కటే పని తెలుసు, అతను అదే చేశాడు. గీజరు తీగకి మీటరు పెట్టాడు, ఎనిమిది ఆంపియర్లు. 230ని ఎనిమిదితో భాగించాడు, ఇరవై ఎనిమిది ముప్పావు ఓమ్‌లు. గీజరు మీద రాసిన ప్రకారం ఇరవై మూడే ఉండాలి. అచ్చు నోటీసు తీసి వరస నంబరు వేసి, వినియోగదారు పేరు దగ్గర శ్రీయుత ఎస్.ఇ. గారు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, తువ్వాలు కట్టుకుని నిలబడ్డ ఆయన చేతికిచ్చి దణ్ణం పెట్టాడు.

నూకరత్నం, చిదంబరంగారు ఆ గదికి చేరేసరికి ఎస్.ఇ. గారు నోటీసు చదవడం పూర్తిచేసి మళ్ళీ మొదటికొచ్చారు. చింపేద్దామంటే వరస నంబరుంది. రద్దు చేద్దామంటే ఎవరికీ మినహాయింపు లేదని తనే సంతకం పెట్టారు. వోల్టేజి తగ్గిందని అంటే, తను ప్రకటించింది తనే కాదన్నట్టవుతుంది. ఏడు రోజుల్లో గీజరు తీగ కత్తిరించుకోవడమో, గీజరుతో సహా కస్టడీకి వెళ్ళడమో తప్ప మూడో దారి ఉత్తర్వులో లేదు. ఆ దార్లన్నీ మూసింది ఆయనే.

ఎవరీవిడ అని అడిగారు చివరికి. నిరోధ నేరం కింద మొదట పట్టుబడ్డ పెట్టె యజమానురాలనీ, ఆ పెట్టె ఈ కేంద్రానికే ఆదర్శ ఖైదీ అనీ చిదంబరంగారు పరిచయం చేశారు.

నూకరత్నానికి నాలిక చివరిదాకా నిజం వచ్చింది. అయ్యా, ఒక్కసారి వోల్ట్ మీటరు తెప్పించండి అందామనుకుంది. కానీ అవతల గుడ్లు చల్లబడుతున్నాయి. నిజం చెప్పి నెగ్గడానికి తీరిక లేదు.

“వోల్టేజి రెండొందల ముప్పయ్యే సార్, అందులో అనుమానం లేదు,” అంది. “మీ గీజరు తప్పు కూడా కాదండి. సావాస దోషం. మా పెట్టె ఒక్కత్తే ఉన్నన్నాళ్ళూ ఎంతో బుద్ధిగా ఉందండి, ఈయన్నడగండి. నలభై మంది నేరస్తుల్ని తెచ్చి ఒక్కచోట పడేసేసరికి మంచిది కూడా చెడిపోతంది. మీ గీజరు పక్కగోడకే కదండీ ఉంది.”

ఎస్.ఇ. గారు తువ్వాలు సర్దుకున్నారు. మాట ఆయనకి నచ్చింది. అందులో ఆయన తప్పు ఎక్కడా లేదు. “అనగా సామూహిక సంస్కరణ కన్నా గృహస్థాయి సంస్కరణ మేలంటారు,” అన్నారు. “కానీ ఇళ్ళ వద్ద ఆఫీసు వాతావరణం ఎట్లా కల్పించడం?”

నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరు వంక చూపించింది. “ఆఫీసు పక్కన అదుందండి. మా వీధిలో లేదు. ఇంకేం తేడా లేదండి.”

“ట్రాన్స్‌ఫార్మరని రాయలేం. రాస్తే వోల్టేజి కొరకా అని అడుగుతారు.”

“వాతావరణం కొరకు అని రాయండి సార్,” అన్నారు చిదంబరంగారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన పై అధికారికి ఇచ్చిన మొదటి సలహా అది. చెప్పాక ఆయనే భయపడ్డారు.

లాకుల వీధివాళ్ళు ట్రాన్స్‌ఫార్మరు కోసం పదకొండేళ్ళ నుంచి దరఖాస్తులు పెడుతున్నారు. ‘గృహస్థాయి సంస్కరణ వాతావరణ కల్పనా పరికరం ఒకటి’ మాత్రం అరగంటలో మంజూరై మూడు రోజుల్లో వచ్చి వీధి మధ్య నిలబడింది. నలభై పరికరాల్నీ మాత్రం మంజూరైన మధ్యాహ్నమే చెడు సావాసం నుంచి విడదీసి ఇళ్ళకి పంపేశారు, సూరిబాబు పొయ్యిని తప్ప. అది భాగహారంలో ఉంది. ప్లగ్గులు ఊడుతున్నకొద్దీ చిదంబరంగారి ఫ్యాను రెక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పెట్టె సాయంత్రానికి రెండు ఆంపియర్లకి వచ్చింది. దాన్ని కూడా ఇంటికి పంపుతామంటే నూకరత్నం పడనివ్వలేదు. పద్నాలుగు రోజుల శిక్ష పూర్తికాకుండా వదిలేస్తే సంఘానికి మంచిది కాదంది. గీజరు కూడా ఓమ్‌లు తగ్గించుకున్నట్టు పోలారావు రాసిచ్చాడు. ఎస్.ఇ. గారు వేణ్ణీళ్ళు పోసుకుని కారెక్కారు.

ఇరవై ఒకటో రోజు ఉదయం పదిన్నరకి మొదటి గుడ్డు మీద గీత పడింది. చూసింది చిదంబరంగారు. ఆయన మీటింగు ఉందని కబురొస్తే లేనని చెప్పించి, బీరువా అద్దానికి మొహం ఆనించి కూర్చున్నారు. సాయంత్రానికి పిల్లలు ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ బయటపడ్డాయి, తడి ఆరిన ప్రతిదీ పగిలిన పత్తికాయలా విచ్చుకుంది. మర్నాటికి లెక్క తేలింది, అయిదు వందల నలభై ఏడు. ఆఫీసులో ఉన్న ట్రేలన్నీ కాగితాలు దులుపుకుని పిల్లల కిందకి వెళ్ళాయి. కబురు విని వీరమ్మ నడుచుకుంటూ వచ్చింది. ట్రేల చుట్టూ ఓసారి తిరిగి చూసింది. తర్వాత చీర కొంగు పట్టి, నాలుగు పిల్లల్ని అందులో వేసుకుని, ఇంకెవరైనా అడ్డు చెబుతారేమోనని ఆఫీసంతా కలయజూసింది. కోడలి తల మీద ఓసారి చెయ్యేసింది. నూకరత్నానికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

విడుదల రోజున చిదంబరంగారు స్వాధీనపు జాబితా తెరిచి, మళ్ళీ మూసి, నూకరత్నం వంక బిక్కమొహంతో చూశారు. రేకు బీరువా ఒకటి, హీటరు ఒకటి, కోడిగుడ్లు ఆరువందలు. ఏ స్థితిలో స్వాధీనం చేసుకున్నారో అదే స్థితిలో అప్పగించి సంతకం తీసుకోవాలి. గుడ్లు లేవు. కోడిపిల్లల్ని ఈ ఆఫీసు ఎప్పుడూ స్వాధీనం చేసుకోలేదు, కాబట్టి వాటిని విడుదల చేసే అధికారం ఆయనకి లేదు. రేపు తనిఖీకి వచ్చినవాళ్ళు ఆరువందల గుడ్లు ఏం చేశారయ్యా అంటే, చిదంబరం తినేశాడని రాస్తారు. రెండేళ్ళ సర్వీసుంది.

నూకరత్నం నవ్వలేదు. ఆ మనిషి రోజూ తనకంటే ముందొచ్చి పెట్టె వేడి చూసేవాడు.

“గుడ్లే కావాలా సార్,” అంది. “ఆర్నెల్లాగండి. ఇవే పెట్టి ఇత్తాయి.”

చిదంబరంగారు ఆమెనీ ట్రేలనీ మార్చి మార్చి చూశారు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. కలం తీసి, కోడిగుడ్లు ఆరువందలు అన్న చోట ‘ప్రస్తుతము మార్గమధ్యమున గలవు, ఆరు మాసములలో చేరును’ అని రాసి, కింద సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కూడా గట్టిగా కొట్టారు.

అందులో పుంజులెన్నో ఆయన అడగలేదు, ఆమే చెప్పలేదు.